ప్రస్థానం సంచి

విమానం ఎక్కగానే నేను చేసే మొదటి పని సీటు చేతులు రెండూ గట్టిగా పట్టుకోవడం. అరవై దాటాక కూడా సిగ్గు లేకుండా పట్టుకుంటాను. మొన్న వెల్లింగ్టన్ నుంచి ఆక్లాండ్ వెళ్తున్నప్పుడూ అంతే. గాలి ఎక్కువగా ఉందని విమానం ఓ నలభై నిమిషాలు ఆలస్యంగా లేచింది. పక్కసీటులో ఎవరో ఆఫీసు మనిషి, ఆ నలభై నిమిషాలూ ఫోను చూసుకుంటూ గొణుగుతూనే ఉన్నాడు. లేచాక రెండు కుదుపులు వచ్చాయి. ఇదేం సర్వీసన్నట్టు నా వైపు చూసి కనుబొమ్మలెగరేశాడు. నేనేమో కళ్ళు మూసుకుని తెలిసిన దేవుళ్ళందర్నీ వరసగా పిలుస్తున్నాను.

ఇంతలో కెప్టెన్ మైకులో, ఇంకాస్త పైకి వెళ్తున్నాం, అక్కడ కుదుపు ఉండదు అన్నాడు. వెళ్ళాడు, నిజంగానే లేదు. దిగి ఫోన్లు ఆన్ చేసేసరికి మా ఇద్దరికీ కంపెనీవాళ్ళ క్షమాపణ వచ్చి ఉంది, ఆలస్యానికి చింతిస్తున్నామని. ఆయన అది చదవను కూడా చదవకుండా తీసేశాడు.

నేను మాత్రం ఆ "ఇంకాస్త పైకి" దగ్గరే ఆగిపోయాను. నా చిన్నప్పుడు ఒక కెప్టెన్ ఇదే దారిలో విమానాన్ని కిందుగా తీసుకెళ్ళాడు. అది నా మూలాన. ఆ సంగతి మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు మేం వెల్లింగ్టన్ పక్కన లోయలో ఉన్న లోవర్ హట్‌లో ఉండేవాళ్ళం. నాకు పదేళ్ళు. నాన్న రోడ్లూ వంతెనలూ కట్టే ఆఫీసులో ఇంజినీరు, రోజూ రైల్లో వెల్లింగ్టన్ వెళ్ళొచ్చేవాడు. మాకు తెలిసినంతలో ఆ లోయలో తెలుగు మాట్లాడే ఇల్లు మాదొక్కటే. కరివేపాకు లేదు, కందిపప్పు లేదు. పచ్చ బఠాణీపప్పుతో అమ్మ పప్పు చేసేది, అది ఎంత ఉడికినా ముద్దకి కలిసేది కాదు. వెనక పెరట్లో జామకాయల్లాంటి కాయలు కాసే ఫీజోవా చెట్టు ఉండేది. ఆ కాయలతో మా నాయనమ్మ పచ్చడి నూరింది. మొదటిసారి నాన్న నోట్లో పెట్టుకుని, "ఇదేంటే అమ్మా, సెంటు పూసుకున్న వంకాయలా ఉంది" అన్నాడు. తర్వాత అదే లేకపోతే ముద్ద దిగేది కాదు ఆయనకి. కిరోసిన్ హీటరు వాసన, పోపు వాసన, ఆరని బట్టల వాసన, ఈ మూడూ కలిస్తే మా ఇల్లు.

తమ్ముడికి ఐదేళ్ళు. పుట్టుకతోనే వాడి గుండెలో లోపం ఉంది. పెదాలూ గోళ్ళూ ఎప్పుడూ నేరేడుపళ్ళు తిన్నట్టు ఉండేవి. పది అడుగులు పరిగెత్తితే చాలు, ఉన్నచోటే గొంతుక్కూచునేవాడు. మోకాళ్ళు పొట్టకి ఆనించుకుని కాసేపలా కూచుంటే ఊపిరి తిరిగి అందేది. ఎవరూ నేర్పలేదు వాడికి. బజార్లో, బస్‌స్టాపులో, స్కూలు గేటు దగ్గర, ఎక్కడపడితే అక్కడ కూచుండిపోయేవాడు. జనం చూసేవారు. నేను వాడి ముందు నిలబడి గౌను అడ్డం పెట్టేదాన్ని.

ఇంట్లో మా ఆట విమానం ఆట. భోజనాల కుర్చీలు రెండు వరసలుగా పెట్టి, వాడు కెప్టెను, నేను ఎయిర్‌హోస్టెస్‌ను. పంచదార డబ్బా దొంగిలించి చెంచాడు చెంచాడు ప్రయాణికులకి పంచేదాన్ని. ప్రయాణికులంటే ఎవరు, మేమే. వాడికి విమానమంటే పిచ్చి. నాకేమో ఆ ఆట వరకే. అసలు విమానమంటే వణుకు. ఇండియా నుంచి వస్తున్నప్పుడు దారిలో ఎక్కడో అది ఒక్కసారిగా జారింది. పక్కావిడ చేతిలో టీ కప్పు మా అమ్మ ఒళ్ళో పడింది. అప్పటినుంచీ ఆకాశంలో మోత వినపడితే చాలు, నేను లోపలికి పరిగెత్తేదాన్ని.

ఆ చలికాలంలో ఉత్తరం వచ్చింది. తమ్ముడి ఆపరేషన్ ఆక్లాండ్‌లో. ఫలానా రోజు సాయంత్రంలోగా ఆసుపత్రిలో చేరాలి, చేరకపోతే ఆ మంచం ఇంకో పిల్లాడికి ఇస్తారు, మళ్ళీ మన వంతు ఎప్పుడో చెప్పలేరు. డాక్టరు అమ్మతో దాచకుండా చెప్పాడు, ఇంకో చలికాలం దాకా ఆగే గుండె కాదని. ఆ మాట అమ్మకి ఇంగ్లీషులో అర్థం కాలేదు. నాన్న ఆఫీసులో ఉన్నాడు. దాన్ని తెలుగులో చెప్పింది నేను.

కారులోనూ రైల్లోనూ అంత దూరం వాడు తట్టుకోలేడు కాబట్టి విమానం. విమానంలోనూ పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది కాబట్టి, అవసరమైతే ఆక్సిజన్ ఎంత పెట్టాలో, ఎలా పెట్టాలో డాక్టరు ఒక కాగితం రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. ఆ కాగితం చూపిస్తేనే విమానంలోవాళ్ళు సిలిండరు ముట్టుకుంటారు. నాన్నకి సెలవు తక్కువ, ఆపరేషన్ రోజుకి వస్తానన్నాడు. వాడితో అమ్మ వెళ్ళాలి, అమ్మకి ఇంగ్లీషు రాదు గనక నేను వెళ్ళాలి. పదేళ్ళకి అది నా ఉద్యోగం.

నాయనమ్మ పంచాంగం తీసింది. ఇండియా నుంచి పోస్టులో తెప్పించుకున్న పంచాంగం. ఇక్కడి సూర్యుడికి అది సరిపోతుందా అని నాన్న ఎన్నోసార్లు అడిగాడు. "సూర్యుడు ఎక్కడైనా ఒక్కడేగా" అనేది. చూసి చూసి, విమానం బయల్దేరే వేళ వర్జ్యం అంది. నాన్న విసుక్కున్నాడు. "టైము మార్చమని వాళ్ళకి ఫోను చెయ్యనా అమ్మా?" ఆమె అక్కర్లేదంది. ముందురోజు పొద్దున్నే మంచి ఘడియ ఉంది, ప్రస్థానం పెట్టేద్దాం.

ఇప్పటి పిల్లలకి ప్రస్థానం అంటే తెలియదు. అనుకున్న వేళ మంచిది కాకపోతే, మంచి వేళ చూసుకుని ప్రయాణం తాలూకు వస్తువేదో ఒకటి మూట కట్టి గడప దాటించి, ఇంకొకరింట్లో పెడతారు. అంటే మనిషి బయల్దేరినట్టే లెక్క. తర్వాత మనం ఎప్పుడు వెళ్ళినా పరవాలేదు, దారిలో ఆ మూట తీసుకుని పోవడమే. మళ్ళీ ఇంట్లోకి మాత్రం తేకూడదు. నాయనమ్మ తన పాత చీర చెంగుతో కుట్టిన సంచి తీసి, తమ్ముడి చొక్కా ఒకటి, పసుపు పూసిన గుడ్డలో గుప్పెడు బియ్యం, ఒక వక్క పెట్టింది. కాసేపు ఆలోచించి నాన్న బల్ల మీదున్న డాక్టరు కాగితం కూడా తీసి అందులో పెట్టింది.

"ముందు బయల్దేరాల్సింది ఇదే కదే" అంది నాతో.

అప్పుడు వంటింట్లో ఆమె, నేను, అంతే. నాన్న ఆఫీసుకి వెళ్ళిపోయాడు. అమ్మ తమ్ముడికి నీళ్ళు పోస్తోంది.

సంచి పట్టుకెళ్ళి పక్కింట్లో పెట్టాం. పక్కింటావిడ ఒంటరిది, పెద్ద గొంతు, మంచి మనిషి. నాయనమ్మా ఆవిడా ఒకరి భాష ఒకరికి రాకుండానే కంచె మీంచి నిమ్మకాయలూ పెసరట్లూ ఇచ్చిపుచ్చుకునేవారు. నేను విషయం చెప్తే ఆవిడ పూర్తిగా అర్థం చేసుకోలేదు గానీ, వెనక వరండాలో బల్ల మీద పెట్టి, "రేపు నేను ఇంట్లో ఉండను, మీరే వచ్చి తీసుకోండి" అంది. అంతా బాగానే ఉంది. కానీ ఆ వరండాలో కుక్క ఉంది. గొర్రెల్ని తోలే జాతి, నలుపూ తెలుపూ, పొడుగాటి గొలుసు. ఆవిడ ఉంటే పిల్లిలా ఉండేది. లేకపోతే నన్ను చూడగానే పళ్ళు బయటపెట్టేది. ఆ కుక్కకి నేను భయపడతానని నాన్నకి పెద్ద వేళాకోళం. ముందురోజు రాత్రి అన్నం తింటూ కూడా అన్నాడు, "కుక్కకే దడుచుకునేదానివి విమానమేం ఎక్కుతావే, నిన్ను ఇక్కడే వదిలేస్తాం." నవ్వుతూనే అన్నాడు. నేను మాత్రం నవ్వలేదు. నేను లేకపోతే అమ్మకి మాటలెవరు చెప్తారు, తమ్ముడి ముందు గౌను ఎవరు అడ్డం పెడతారు, రాత్రంతా అదే ఆలోచన.

మర్నాడు బయల్దేరే గడబిడలో నాయనమ్మ నాకు చెప్పింది. ఒక చేత్తో పెరుగన్నం డబ్బా మూత బిగిస్తూ, "వెళ్ళి సంచి తెచ్చి డిక్కీలో పెట్టు, ఇంట్లోకి తేకు" అంది. సరే అన్నాను. పక్కింటి గేటు తీశాను. గొలుసు చప్పుడైంది. ఆ కుక్క లేచి నిలబడింది, మొరగలేదు. మొరిగితే బావుండేది. ఊరికే నిలబడి చూస్తోంది. సంచి దాని వెనకే బల్ల మీద కనపడుతోంది. నా కాళ్ళు ముందుకి పడలేదు. ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. ఇటు నాన్న హారన్ కొట్టాడు. గేటు వేసేసి వచ్చేశాను.

"అన్నీ వచ్చాయా?" అన్నాడు నాన్న డిక్కీ మూస్తూ.

"ఆఁ" అన్నాను.

నాయనమ్మ ముందుసీటులో కళ్ళు మూసుకుని స్తోత్రం చదువుకుంటోంది. కారు కదిలింది. సముద్రం పక్కన ఆ రోడ్డు పొడుగునా నాకు ముచ్చెమటలు. ఇప్పుడు చెప్పెయ్యి, ఇప్పుడు చెప్పెయ్యి అని లోపల ఎవరో పొడుస్తున్నారు. ప్రతి మలుపు దగ్గరా చెబుదామనుకున్నాను. ప్రతి మలుపూ దాటిపోయింది. తమ్ముడు నా ఒళ్ళో తల పెట్టుకుని, "అక్కా, నన్ను డ్రైవరు దగ్గర కూచోనిస్తారా?" అని అడుగుతున్నాడు.

అప్పటి విమానాశ్రయం ఇప్పటిలా కాదు. బెల్టులు విప్పడం, చెప్పులు విప్పడం ఏమీ లేవు. సాగనంపేవాళ్ళు విమానం దాకా వచ్చినంత పని చేసేవారు. మగవాళ్ళు టై కట్టుకుని, ఆడవాళ్ళు టోపీలు పెట్టుకుని పెళ్ళికి వచ్చినట్టు వచ్చేవారు. టిక్కెట్టేమో చేతికి ఎర్రటి కార్బన్ అంటుకునే చిన్న పుస్తకం, అది పోతే ప్రయాణం పోయినట్టే. కౌంటరతను టిక్కెట్లు చింపుకుని, తమ్ముడి పెదాలు చూసి, డాక్టరు కాగితం అడిగాడు.

నాన్న ఫైలు తీశాడు. ఒక్కో కాగితం తిప్పాడు. మళ్ళీ మొదట్నించీ తిప్పాడు. ఆయన చెవులు ఎర్రబడడం చూశాను.

"అది ప్రస్థానం సంచిలో పెట్టానురా" అంది నాయనమ్మ నింపాదిగా. "సంచి డిక్కీలో ఉంది."

నాన్న కారు దగ్గరికి పరిగెత్తాడు. వట్టి చేతులతో వచ్చాడు.

"లేదు. ఎవరు తెచ్చారు సంచి?"

"దీనికి చెప్పానే" అని నాయనమ్మ నా వైపు చూసింది. అమ్మా చూసింది, నాన్నా చూశాడు. కౌంటరతను కూడా చూశాడు, అతనికి తెలుగు రాకపోయినా.

"నాకు చెప్పలేదు" అన్నాను.

ఇంత బతుకులో నేను అబద్ధాలు ఆడలేదని కాదు. కానీ అంత చిన్నదై ఉండి అంత పెద్దదైన అబద్ధం ఇంకోటి ఆడలేదు.

మా నాన్న తల్లి మీద గొంతెత్తడం అప్పుడే మొదటిసారి చూశాను. "నీ వర్జ్యాలూ, నీ ప్రస్థానాలూ! వాడి ప్రాణం పట్టుకెళ్ళి పక్కింట్లో పెట్టావు కదే అమ్మా!" చుట్టూ జనం తల తిప్పారు. నాయనమ్మ నన్ను ఒక్క క్షణం చూసింది. తర్వాత తల దించుకుని, "చెప్పాననుకున్నాన్రా. మర్చిపోయినట్టున్నాను. నాదే తప్పు" అంది. చీర కొంగు చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడిపోయింది.

ఇంటికెళ్ళి సంచి తెచ్చేంత టైము లేదు. నాన్న ఆసుపత్రికి ఫోను చేస్తే డాక్టరు ఆపరేషన్లో ఉన్నాడన్నారు. తర్వాతి విమానం సాయంత్రం, అప్పటికి గాలి ఇంకా ముదురుతుంది, అది లేస్తుందో లేదో చెప్పలేమన్నారు. కౌంటరతను చెడ్డవాడు కాదు, చెమటలు తుడుచుకుంటూ మాటిమాటికీ సారీ చెప్తున్నాడు. కానీ కాగితం లేనిదే ఎక్కించుకోలేను అంటున్నాడు. తమ్ముడు అలిసిపోయి అక్కడే నేల మీద గొంతుక్కూచున్నాడు. నేను అలవాటుగా ముందుకెళ్ళి గౌను అడ్డం పెట్టాను.

అప్పుడు కెప్టెన్ వచ్చాడు. ఎవరు పిలిచారో తెలీదు. టోపీ చంకలో, జుట్టు నెరిసింది. నన్ను పక్కకి జరిపి, తమ్ముడి ఎదురుగా సరిగ్గా వాడిలాగే గొంతుక్కూచున్నాడు. వాడి చెయ్యి తీసుకుని గోళ్ళు చూశాడు.

"ఎప్పుడూ ఇలాగే ఉంటాయా?" అని నన్నడిగాడు.

"ఇప్పుడు కాస్త ఎక్కువ" అన్నాను.

లేచి నాన్నతో నెమ్మదిగా చెప్పాడు. పైకి పోతే కదా గాలి పలచబడేది. కిందుగా పోతే లోపల గాలి ఇంచుమించు ఇక్కడిలాగే ఉంచగలను. కొండల మీంచి కాకుండా సముద్రం ఒడ్డు పట్టుకుని వెళ్తాను. ఇవాళ్టి గాలికి బాగా కుదుపుతుంది. మీకు సమ్మతమేనా? నాన్న తలూపాడు. కెప్టెన్ కౌంటరతని వైపు తిరిగి, "బాధ్యత నాదని రాసుకో" అన్నాడు. అంతే. ఇప్పుడైతే ఎన్ని సంతకాలు కావాలో, ఎన్ని ఆఫీసులకి ఫోన్లు వెళ్ళాలో. అసలు కెప్టెన్ మొహమైనా చూస్తామా, ఆయన ఇనప తలుపు వెనక ఉంటాడు.

నాయనమ్మ తమ్ముడి తల మీద చెయ్యి పెట్టబోయి ఆగిపోయింది. పెట్టలేదు.

విమానంలో సిగరెట్ల కంపు, తడిసిన ఉన్నికోట్ల వాసన. రెక్కలు మా నెత్తి మీద, పంకాలు కిటికీ పక్కనే. ఇంజిన్లు వేసేముందు కెప్టెన్ లోపలికి వచ్చి నడవాలో నిలబడి అందరికీ చెప్పాడు. మనతో ఒక చిన్నవాడు ఉన్నాడు, వాడికి ఎత్తు పడదు, అందుకని కిందుగా వెళ్తున్నాం, దారంతా కుదుపే, ఇష్టం లేనివాళ్ళు దిగి సాయంత్రం విమానానికి రావచ్చు. ఇద్దరు దిగారు. అందులో ఒక ముసలాయన మా దగ్గర ఆగి, "నా కడుపు తట్టుకోదమ్మా, నీ బిడ్డకి మంచి జరగాలి" అని అమ్మకి టోపీ తీసి వెళ్ళాడు. మిగిలినవాళ్ళు బెల్టులు బిగించుకున్నారు. ఎయిర్‌హోస్టెస్ వచ్చి ఎవరూ పొగ తాగొద్దంది. ముందువరసలో పైపు వెలిగించబోతున్నాయన ఏమీ అనకుండా దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత ఆవిడ పళ్ళెంలో చప్పరింపు బిళ్ళలు తెచ్చింది, లాలీలంటారు ఇక్కడ. తమ్ముడు రెండు తీసుకున్నాడు. మా ఆటలో పంచదార పంచడం ఎక్కణ్ణుంచి వచ్చిందో అమ్మకి అప్పుడు తెలిసింది.

లేచిన దగ్గర్నుంచీ నరకం. విమానం జారేది, కడుపు గొంతులోకి వచ్చేది, మళ్ళీ ఎవరో కింద నుంచి తన్నినట్టు ఎగిరిపడేది. రెక్కలు ఊగడం కళ్ళారా చూశాను. కిటికీలోంచి సముద్రం, తెల్ల నురగలు లెక్కపెట్టేంత దగ్గరగా. వెనక ఎవరో కాగితం సంచిలో వాంతి చేసుకుంటున్నారు, ఆ పక్కన ఇంకొకరు, వాసన విమానమంతా వ్యాపించింది. ఎవరూ ఒక్కమాట అనలేదు. మా వైపు తిరిగి కూడా చూడలేదు, చూస్తే మేం ఇబ్బంది పడతామని కాబోలు. వాళ్ళలో ప్రతి ఒక్కరూ నా మూలాన బాధపడుతున్నారు. అది వాళ్ళెవరికీ తెలీదు.

నేను తమ్ముడి గోళ్ళు చూస్తూ కూచున్నాను. వేరే ఏదీ చూడలేదు. సగం దారిలో అవి నల్లబడడం మొదలుపెట్టాయి. వాడి తల అమ్మ భుజం మీంచి జారింది. పెదాలు బొగ్గు రాసినట్టయ్యాయి. అమ్మ గబుక్కున వాడి మోకాళ్ళు రెండూ మడిచి పొట్టకి అదిమి పట్టుకుంది, డాక్టరు నేర్పినట్టు. "నాన్నా, నాన్నా, ఊపిరి తీసుకో" అంటోంది. ఎయిర్‌హోస్టెస్ వచ్చి పక్కన మోకాళ్ళ మీద కూచుంది. చేతిలో సిలిండరు. కాగితం లేదు, ఎంత పెట్టాలో తెలీదు. అయినా గొట్టం విప్పి సిద్ధంగా పట్టుకుంది. ఎవరో ముందుకెళ్ళి కెప్టెన్‌కి చెప్పినట్టున్నారు, విమానం ఇంకా కిందికి దిగింది. ఆ దిగడానికి నా పై ప్రాణాలు పైనే పోయాయి.

వాడు చచ్చిపోతున్నాడు, చంపింది నేను. నాకు ఇదొక్కటే తెలుసు. కుక్క కరిచినా బావుండేది, కరిపించుకుని ఆ సంచి తేవాల్సింది. చెప్పెయ్యాలి, వాడు పోయేలోపల అమ్మకి చెప్పెయ్యాలి అనుకున్నాను.

"అమ్మా" అన్నాను.

"ఏంటి?" అంది అమ్మ, నా వైపు చూడకుండా.

"వాంతి వస్తోంది" అన్నాను.

ఎవరో నాకు కాగితం సంచి అందించారు. రాని వాంతి కోసం దాంట్లో తల పెట్టుకుని కూచున్నాను. ఎంతసేపటికో తల ఎత్తితే, తమ్ముడు కళ్ళు తెరిచి ఉన్నాడు. గోళ్ళు మళ్ళీ నేరేడుపండు రంగుకి వచ్చాయి. ఆ రంగు చూసి అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. ఆక్లాండ్‌లో దిగాక, అంబులెన్సు మా విమానం పక్కకే వచ్చింది. వాణ్ణి కిందికి దించేదాకా ఒక్కరూ సీట్లోంచి లేవలేదు. ఇప్పుడు చక్రం నేలకి తాకగానే అందరూ లేచి పెట్టెల కోసం తోసుకుంటారు కదా, చూసినప్పుడల్లా నాకు ఆ కూచున్నవాళ్ళు గుర్తొస్తారు.

ఆపరేషన్ అయింది. నాలుగో రోజు నాన్న నన్ను వార్డు అద్దాల కిటికీ దగ్గరికి ఎత్తుకుని వాణ్ణి చూపించాడు. వాడి పెదాలు గులాబీరంగులో ఉన్నాయి. వాడు కాదేమో అనుకున్నాను. మళ్ళీ ఇంట్లోకి తేకూడదు గనక, పక్కింటావిడే సంచిని ఆసుపత్రికి పోస్టులో పంపింది, బియ్యం, వక్క, కాగితంతో సహా, మర్చిపోయారని చీటీ రాసి.

మేం ఇంటికి తిరిగి వచ్చాక నాయనమ్మ మారిపోయింది. పంచాంగం తీసి పెట్టెలో అడుగున పడేసింది. నాన్న తర్వాత ఎన్నోసార్లు మెత్తబడి మాట్లాడాడు, ఆమె నవ్వి ఊరుకునేది. నేను పెద్ద చదువుకి ఇండియా వెళ్తున్నప్పుడు కావాలనే అడిగాను, నాకు ప్రస్థానం పెట్టవా అని. "ఆ పని నా చేతికి అచ్చిరాదమ్మా" అంది. అప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు. నాకు నేనే సర్దిచెప్పుకున్నాను: ఆమెకి తెలుసు, ఆ క్షణం నా మొహం చూసి పట్టేసింది, నన్ను కాపాడడానికే తప్పు తన మీద వేసుకుంది. అంత తెలివైన మనిషి మర్చిపోవడమేంటి. ఆ ఒక్క ఊహ మీద ఇన్నేళ్ళు బతికాను. ఆమె పోయి కూడా చాలా కాలమైంది.

విమానాలు మాత్రం ఎక్కడికో వెళ్ళిపోయాయి. ఇప్పుడు టిక్కెట్టు ఫోన్లో ఉంటుంది, కాగితాలూ అందులోనే. ఊపిరి సరిగా అందనివాళ్ళు హ్యాండ్‌బ్యాగంత మిషను ఒళ్ళో పెట్టుకుని సినిమా చూస్తూ ప్రయాణం చేస్తున్నారు. కుదుపు ఎక్కడుందో ముందే కనిపెట్టి దాని పక్కనుంచి తప్పుకుపోతున్నారు. చాలా మంచిది. ఇవన్నీ అప్పుడే ఉండుంటే నేను ఈ భయంతో ముసలిదాన్ని అయ్యేదాన్ని కాదు.

మొన్న ఆక్లాండ్‌లో నన్ను తీసుకెళ్ళడానికి తమ్ముడే వచ్చాడు. బొజ్జ వచ్చింది, ఆ ఊళ్ళోనే మనురేవాలో ఉంటూ రెండు షాపులు నడుపుతున్నాడు. "నలభై మినిట్స్ లేటా? కంప్లెయింట్ పెట్టాల్సింది అక్కా" అన్నాడు కారు తీస్తూ. పక్కసీటాయన సంగతి చెప్పాను. ఆ మాట మీద మాట వచ్చి, ఎలా వచ్చిందో, మొత్తం చెప్పేశాను. కుక్క, గేటు, సంచి, నాకు చెప్పలేదు అన్నది, అన్నీ. వాడు పగలబడి నవ్వాడు.

"సీరియస్‌లీ? ఆ డాగ్ కోసమా? నాకు ఫ్లైట్ గుర్తే లేదక్కా. ఆ లాలీలు ఒక్కటే గుర్తు."

"నాయనమ్మకి తెలుసులే. నన్ను కాపాడింది" అన్నాను.

వాడు నవ్వడం ఆపాడు.

"లేదక్కా. తెలీదనుకుంటా" అన్నాడు. "ప్రతి బర్త్‌డేకీ పొద్దున్నే నన్ను తన గదిలోకి పిలిచేది. తలుపు వేసి, నా ముందు రెండు చేతులూ జోడించేది. నా మతిమరుపుతో నీ ప్రాణం మీదికి తెచ్చాను, క్షమించాను అని ఒక్కమాట అను నాన్నా, అనేది. నాకు ఏ మతిమరుపో తెలీదు. అడగలేదు కూడా. బయట కేక్ ఉంటుంది కదా, గబగబా అనేసి వచ్చేవాణ్ని."

"ఎన్నేళ్ళు?" అన్నాను.

"పోయేదాకా. హాస్పిటల్లో కూడా అడిగింది."

ఆమె నన్నే నమ్మింది. తన జ్ఞాపకాన్ని కాదని, పదేళ్ళ పిల్ల మాట నమ్మింది.

క్షమించాను అన్న ఆ మాట నాతోనూ ఒక్కసారి అనమని తమ్ముణ్ణి అడుగుదామనుకున్నాను. వాడు కాదనడు, గబగబా అనేస్తాడు. ప్రతి మలుపు దగ్గరా అడగబోయాను, మనురేవా వచ్చేసింది.